మణిగాడి సీసా

ఆగస్టు 3
జ్యోతి పేరు జిల్లా బాక్సింగు పోటీలకు ఇచ్చినారంట. చిత్తూరులో. నా బిడ్డకు నేనేమీ నేర్పలా — అయినా గ్లవ్స్ తొడిగితే నా మాదిరే ఎడమ భుజం దించుతాది.
"నువ్వు కూడా ఆడినావంట గదా నాయనా?"
ఆడినా అన్నా. అంతే.

ఆగస్టు 4
రేణిగుంట గోడౌన్లో పొద్దంతా మూటలు దించతా అదే తలపు. అప్పట్లో చిత్తూరు ఫైనల్. ఎదురుగా కార్వేటినగరం మణి. డొక్కలో ఎడమ చేత్తో గుద్దినా. లోపల ఎముక విరిగినట్టు నా చేతికే తెలిసింది. మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకున్యాడు. ఆ పొద్దు ఉన్నంత సంతోషం నాకు పెండ్లినాడు కూడా లేదు.

ఆ సాయంత్రమే పూతలపట్టు బార్లో కూర్చుని తాగతా ఉంటే వచ్చినాడు మణి, డొక్క పట్టుకోని. "రింగులో గాదప్పా, ఈడ రా." లేసేలోపల సీసా నా కుడి చెవి మీద పగిలింది. జుట్టు పట్టుకోని వాని మొహం బల్ల అంచుకేసి కొట్టినా. మళ్లా కొట్టినా. పండ్లు నేల మీద... ఎవురో నన్ను ఈడ్చినారు.

కుడి చెవి ఆ పొద్దే వినపడకుండా పోయింది.

ఆగస్టు 5
ఆ తర్వాత రింగెక్కలా. బార్లలో కొట్లాటలే. తిరుపతి, రేణిగుంట — ఎవుని మొహం సూసినా మణిగాడే. ఒకతూరి మా నాయన పోలీసు స్టేషన్ కాడికొచ్చి, వాచిన నా చేతులు తన చేతుల్లో పెట్టుకోని సూసినాడు. ఆడితో మానుకున్యా.

ఆగస్టు 9
చిత్తూరు. అవతలి పిల్ల కోచ్ — మణి. తల నెరిసింది. ముందర పండ్లు కట్టించుకున్యాడు. నన్ను సూసి తల తిప్పుకున్యాడు.
రెండో రౌండ్లో జ్యోతి ముక్కులో నెత్తురు. నాకు తెలీకుండానే లేసినా. "సంపు దాన్ని!" హాలంతా నా పక్కకు తిరిగింది. జ్యోతి చేతులు దించేసి మీదికి ఉరికింది. దాని గడ్డం కిందే పడింది దెబ్బ. వెల్లకిలా పడిపాయ.

నాకంటే ముందు మణి పోయినాడు. జ్యోతిని లేపి కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కుకు దూది పెట్టినాడు. "బాగా ఆడతాండావు పాపా. మీ నాయన అరిచినాక చెడినావు."
కాలర్ పట్టుకున్యా. వాడు చెయ్యి ఎత్తలా. ఆ ఎత్తకపోవడమే నన్ను ఇంకా మండించింది.
"ఇడ్సిపెట్టు నాయనా," కింద నుంచి జ్యోతి.

ఆగస్టు 10
నా పెండ్లాం పద్మ — "మళ్లా కొట్టినావా?" లేదంటే నమ్మలా.

ఆగస్టు 13
మణి ఫోన్. "పాపను శని ఆదివారాలు నా కాడికి పంపు. దానికి మంచి చెయ్యి ఉండాది. నీ కోపం కూడా ఉండాది. అది నేను తీస్తా."
"నా చెవి సంగతేంది?"
"నా పండ్లు?"
ఫోన్ మాత్రం ఎవురూ పెట్టలా. ఆకరికి వాడే, "బిడ్డను అడుగప్పా" అనినాడు.

ఆగస్టు 15
అడిగినా. "పోతా" అనింది. నా మొహం సూడకుండానే.

ఆగస్టు 16
జ్యోతి బ్యాగు సర్దుకునింది. చిత్తూరు బస్సుకు టైమవతా ఉండాది. "నువ్వు రావద్దులే నాయనా" అంటా ఉండాది గుమ్మం కాడి నుంచి.
చొక్కా తొడుక్కున్యా. పోతా. ఆడ వాడు నా బిడ్డకు గ్లవ్స్ కడతా ఉంటే ఈ చేతులు ఏం చేస్తాయో — నాకే తెలీదు.