సీసాకీ సీసాకీ మధ్య అట్ట

జూన్ 4

ఇందుమూలంగా నాకు నేనే తెలియజేసుకునేది ఏమనగా, నేటి నుంచి నేను చేపల పెంపకందారుణ్ణి. క్వాలిఫికేషన్: బీఎస్సీ జువాలజీ, సెకండ్ క్లాస్. అనుభవం: పక్కవాడు కప్పను కోస్తుంటే కాళ్లు పట్టుకున్నాను. కప్పవి.

చేపలు అన్నయ్యవి, బెట్టాలు, అదే ఫైటర్ ఫిష్. నీలం మగ బెట్టా పేరు మేనేజర్. ఎర్ర ఆడదాని పేరు మేడమ్. చెరో గాజు తొట్లో ఉంటారు. ఇల్లు వదిలి వెళ్లినప్పుడు అన్నయ్య బట్టలు తీసుకెళ్లాడు, వీళ్లను వదిలేశాడు.

నాన్న ఓనర్ని బతిమాలి తను పనిచేసే గోడౌన్‌లో వేయించిన ఉద్యోగం వాడు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఆ సంగతి నాన్నకు ఓనర్ చెప్పాడు, అందరి ముందూ. ఆ సాయంత్రం నా ఇంట్లో ఉండాలంటే అని నాన్న మొదలుపెట్టాడు. నీ ఇల్లు నువ్వే ఉంచుకో అని అన్నయ్య ముగించాడు. ఇప్పుడు మొబైల్ రిపేరు షాపులో పని, షాపు మీదే గది.

ఇంటికి రారా అంటే రాడు. అదే చేపలు పిల్లల్ని పెట్టాయి, నా వల్ల కావట్లేదు అంటే? చచ్చినట్టు వస్తాడు. ఇదీ ప్లాను.

జూన్ 6

మేనేజర్ తొట్లో మేడమ్‌ని వేశాను. పరిచయాలు కాకముందే ఆవిడ తోక చింపేశాడు.

అన్నయ్యకు ఫోన్ చేశాను. ముందు తిట్లు, అవి రాయదగినవి కావు. తర్వాత పాఠం. ఒరేయ్, ముందు మగవాడు నీళ్ల మీద బుడగలతో గూడు కట్టాలి, అన్నాడు. అంతవరకు ఆడదాన్ని గాజు గ్లాసులో ఉంచి దూరం నుంచి చూపించాలట. ఒంటి మీద నిలువు చారలు తేలితే సరేనన్నట్టట. అప్పుడు వదలాలి. ముందు ఆవిడ తోక మానాలి, ఆగు అన్నాడు.

అమ్మ ఎలా ఉందని అడగలేదు. మేడమ్ తోక గురించి మాత్రం రెండుసార్లు అడిగాడు.

జూన్ 25

గుడ్లు!!

మేనేజర్ విల్లులా వంగి ఆవిణ్ణి చుట్టేశాడు. గుడ్లు గసగసాల్లా రాలాయి. ఒక్కొక్కటే నోటితో ఏరుకొచ్చి గూట్లో అతికించాడు. నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు. అయిపోగానే మేడమ్‌ని తీసేయ్, లేకపోతే చంపేస్తాడు అని అన్నయ్య ముందే చెప్పాడు. తీసేశాను.

అమ్మ వచ్చి చూసింది. తిండి మానేసి పిల్లల్ని ఒక్కడే చూసుకుంటాడా, ఇలాంటి మొగుడు ఏ షాపులో దొరుకుతాడో అప్పుడే కనుక్కోవాల్సింది అంది. నాన్న పేపరు తిరగేశాడు.

జూన్ 29

తోకలు కిందికి వేసి గూటికి వేలాడిన పిల్లలు ఇవాళ అడ్డంగా ఈదుతున్నాయి. కనురెప్ప వెంట్రుకలకు కళ్లు మొలిచినట్టున్నాయి.

తండ్రిని తీసేయాల్సింది ఇప్పుడేనట. ఇన్నాళ్లూ కింద పడినదాన్నల్లా నోట పెట్టుకుని పైకి చేర్చాడు. ఇకమీదట నోట్లోకి వెళ్లినవి బయటికి రాకపోవచ్చు.

ఇంకోటి, మూత. పిల్లలు మొదటిసారి పైకొచ్చి గాలి పీల్చే రోజుల్లో నీటి మీద వెచ్చటి ఆవిరి ఉండాలట. చల్లగాలి తగిలితే పోతాయట.

నువ్వే వచ్చి చూడరాదా అని అన్నయ్యతో అన్నాను. మూత పెట్టు అన్నాడు.

జూలై 1

పొడి మేత ముట్టట్లేదు. కదిలేదే తింటాయట. ఉప్పునీళ్లలో రొయ్య గుడ్లు పొదిగించి, ఆ పురుగుల్లాంటి పిల్లల్ని వీటికి వేస్తున్నాను. పిల్లలకు పెట్టడానికి పిల్లల్ని పెంచుతున్నాను. జువాలజీలో ఇది చెప్పే రోజు నేను సినిమాకు వెళ్లి ఉంటాను.

జూలై 22

మూత తీసి మేత వేసి, అలాగే బజారుకు పోయాను. సగం దారిలో గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చాను.

తొట్టి మీద మూత ఉంది. మూత మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు. నాన్న తువ్వాలు.

అడిగితే, నాకేం తెలుసు, మీ అమ్మ వేసుంటుంది అన్నాడు. అమ్మ పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి వెళ్లింది.

జూలై 23

తువ్వాలు సంగతి అన్నయ్యకు చెప్పాను. ఎన్ని మడతలు అని అడిగాడు. నాలుగన్నాను.

సెప్టెంబర్ 1

పొద్దున రాస్తున్నాను. పిల్లలు పెద్దవయ్యాయి. మగవాళ్లందరూ ఒకే టబ్బులో, అన్నదమ్ముల్లా. అన్నదమ్ములే. వాళ్లలో నీలం ఒళ్లూ ఎర్ర రెక్కలూ ఉన్నవాణ్ణి నీళ్ల కవర్లో వేసుకుని అన్నయ్య గదికి బయల్దేరుతున్నాను. ఫోన్లో పనికాదు. సాక్ష్యం చూపించాలి.

అదే రోజు, సాయంత్రం

అన్నయ్య కవర్ని కిటికీ వెలుగులో చాలాసేపు పట్టుకున్నాడు. మేనేజర్ ఒళ్లు, మేడమ్ రెక్కలు అన్నాడు. ఇంటికి రా అన్నాను. ఏం మొహం పెట్టుకుని రమ్మంటావురా అన్నాడు.

తిరిగొచ్చి చేపను మళ్లీ టబ్బులో వదిలాను. భోజనానికి కూర్చున్నాను. మళ్లీ వెళ్లి చూసేసరికి వాడు అడుగున పడి ఉన్నాడు. రెక్కలు లేవు. చుట్టూ మిగతావాళ్లు ఒకర్నొకరు పీక్కుంటున్నారు.

ఫోన్ చేస్తే అన్నయ్య ఒక్కటే అడిగాడు. బయటికి తీసినవాణ్ణి మళ్లీ అందులోనే వేశావా?

కలిసి పెరిగినంతకాలం సర్దుకుపోతారట. ఒకసారి బయటికి వెళ్లొచ్చినవాణ్ణి కొత్తవాడి కిందే లెక్కేస్తారట. వాడూ పాతవాడిలా ఉండడట. అది చెప్పలేదేంరా అని అరిచాను. నువ్వు వాణ్ణి ఊరేగిస్తావని నాకేం తెలుసు అన్నాడు. వాడేనా, నేను చూసినవాడేనా అని అడిగాడు.

వాడే. నేను ఎరగా వాడుకున్నవాడు.

రేపు వస్తున్నాను, ఇంట్లో ఉన్న సీసాలన్నీ కడిగి ఉంచు అన్నాడు. ప్లాను ఫలించింది. రాయడానికి ఒక్క జోకూ తోచట్లేదు.

సెప్టెంబర్ 2

వచ్చాడు. సంచీ నిండా సీసాలు. అమ్మ వంటింటి సీసాల్లోవన్నీ డబ్బాల్లోకి వంచేసింది. సన్నబడ్డావు అంది. అన్నయ్య చేయి పట్టుకుని వదల్లేదు.

మగవాడికో సీసా. ఒకర్నొకరు చూసుకుంటూ ఉంటే అలిసిపోతారు కాబట్టి సీసాకీ సీసాకీ మధ్య అట్ట. అట్టలు కావాలి అని అన్నయ్య నాతో అన్నాడు. నాన్న లేచి గోడౌన్ పెట్టె ఒకటి తెచ్చి కొయ్యడం మొదలుపెట్టాడు. ఎంత ఎత్తో కనుక్కో అని నాన్న నాతో అన్నాడు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర ఉన్నాం. జానెడు అని అన్నయ్య నాతో అన్నాడు. జానెడట అని నేను నాన్నతో అన్నాను.

అంతా అయ్యాక అన్నయ్య చివరి పాఠం చెప్పాడు. అట్టలు ఎప్పుడూ ఉంచేయకూడదు. రోజూ కాసేపు తీయాలి. చూసుకుంటారు, మొప్పలు విప్పుతారు, రెక్కలు చాచి బెదిరించుకుంటారు. అది లేకపోతే ఊరికే మూల కూర్చుంటారు. కాసేపే. మళ్లీ పెట్టేయాలి.

ఉండిపోరా అంది అమ్మ. గది బాగానే ఉందమ్మా, ఆదివారం వచ్చి నీళ్లు మారుస్తాను అన్నాడు. మెట్లు దిగుతుంటే, ఎన్నింటికొస్తాడట అని నాన్న నన్ను అడిగాడు. గట్టిగానే అడిగాడు. పదింటికి అని మెట్ల మీంచి వినిపించింది.

సెప్టెంబర్ 8, ఆదివారం

నాన్న తొమ్మిదింటి నుంచీ సీసాల ముందే కూర్చున్నాడు. అన్నయ్య వచ్చాడు. నాన్న అట్టలు తీశాడు.