రాఘవేంద్ర గారి టెలిస్కోప్

జనవరి 6
రాఘవేంద్ర మళ్లీ నా సీటు దగ్గరికొచ్చాడు. సినిమాలకి గ్రాఫిక్స్ చేసే మా వీఎఫ్ఎక్స్ ఆఫీసుకి సూపర్‌వైజర్ కాబట్టి ఫిల్మ్‌నగర్ మీది ఆకాశం కూడా తనదే అనుకుంటాడు. ఆస్ట్రోఫొటోగ్రఫీ, అంటే నక్షత్రాల ఫొటోలు తీయడం, మొదలుపెడతాడట, ఏం కొనాలో చెప్పమన్నాడు. ముందు మౌంట్ మంచిది చూడండి సార్ అన్నాను. భూమి తిరుగుతున్నా నక్షత్రాన్ని వదలకుండా పట్టుకునేది అదే. టెలిస్కోప్ చిన్నదైనా ఫర్వాలేదు, కెమెరా పాతదైనా ఫర్వాలేదు. పూర్తిగా విననే లేదు. "మరీ చిన్నదైతే ఏం బావుంటుందమ్మా, చూసేవాళ్లకి ఒక లుక్ ఉండాలిగా" అన్నాడు.

జనవరి 17
కొన్నాడు. ఎనిమిది అంగుళాల గొట్టం, దాని కింద వణికే స్టాండు. వాచ్‌మన్ రాములు ఆయాసపడుతూ టెర్రస్ దాకా మోశాడు.

జనవరి 20
ఆయన ఫొటోల్లో చుక్కలన్నీ వానపాముల్లా సాగాయి. "స్టెఫీ చెప్పిందే కొన్నాను" అని నన్ను చూపిస్తూ అందరి ముందూ అన్నాడు.

జనవరి 29
మధురానగర్‌లో మా మేడ మీద నాలుగు రాత్రులు. నా బుల్లి టెలిస్కోప్, రెండేళ్లు ఆలోచించి కొన్న మౌంట్, సెకండ్‌హ్యాండ్ కెమెరా. పక్క ఫంక్షన్ హాలు లైట్లు ఆరేదాకా కాచుకున్నాను. ఓరియన్ నెబ్యులా వచ్చింది! నక్షత్రాల మధ్య వాయుమేఘం, గులాబీ పొగ రెక్కలు విప్పినట్టు. నువ్వు తీసిందేనా అని అమ్మ రెండుసార్లు అడిగింది. ఆఫీసు గ్రూపులో పెట్టాను. ఎందుకు పెట్టానో.

ఫిబ్రవరి 11
మేం చేస్తున్న సినిమా డైరెక్టర్‌కి టైటిల్ కార్డు చూపించారు. వెనక నా నెబ్యులా. "మా టెర్రస్ మీంచి నేనే తీశానండీ" అన్నాడు రాఘవేంద్ర, నేను ఆరడుగుల దూరంలో కూర్చునుండగానే.

క్యాబిన్‌కి వెళ్లి అడిగాను. "టీమ్‌లో నీదీ నాదీ ఏంటమ్మా?" అని నవ్వాడు. ఆ ఒక్క ఫొటో కోసం తీసిన ఒరిజినల్ ఫైళ్లు రెండువందల పన్నెండు, హెచ్‌ఆర్ రష్మికి చూపించాను. రిలీజయ్యాక మాట్లాడదాం అంది.

ఫిబ్రవరి 12
వాడికి మంచి జరగకూడదు.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1.40


డైరెక్టర్ లంచ్‌కి వచ్చాడు. సూర్యుడి మీది మచ్చలు చూపిస్తానని రాఘవేంద్ర అందర్నీ, రాములుతో సహా, టెర్రస్ మీదికి లాక్కెళ్లాడు. మూత తీసి, గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పాడు. గొట్టం మూతికి ఎండని ఆపే ఫిల్టర్ లేదు. అది లేకుండా చూస్తే కన్ను అక్కడికక్కడే కాలిపోతుంది. నాకు తెలుసు. వాడికి తెలీదు.

ముందు నేను చూస్తానండీ అని కళ్లజోడు తీసి వంగాడు.

నేను చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు పరుగెత్తి గొట్టం మూతికి రెండు చేతులూ అడ్డం పెట్టాను. "పిచ్చా నీకు?" అని అరిచాడు. వాణ్ణి పక్కకి తోసి, కన్ను పెట్టేచోట టిష్యూ పేపర్ పట్టుకున్నాను. పొగ లేచింది, కన్నం పడింది.

వాడు ఆ కన్నం వైపు చూశాడు. నా కళ్లు కాపాడావమ్మా అన్నాడు. ఆ ఫొటో ఈ అమ్మాయిదేనండీ అని డైరెక్టర్‌తో వాడే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 20
టైటిల్ కార్డు మీద నా పేరు పడింది. సాయంత్రం గేటు దగ్గర రాములు గొంతు తగ్గించి అడిగాడు. "మేడమ్, సార్ మూత తీసినప్పుడే మీరు చూసిండ్రు గద. జర ముందే ఎందుకు చెప్పలే?"

స్కూటీ తాళం తిప్పాను, స్టార్ట్ కాలేదు. జవాబు కోసం రాములు పక్కనే నిలబడి ఉన్నాడు.