తలుపూ, రెండు పెంకులేని గుడ్లూ

ఆదివారం

నిర్ణయం జరిగిపోయింది! రేపటి నుంచి నేను మనిషిని కాను, కణత్వచాన్ని.

శుక్రవారం మా బడికి పై అధికారిణి వస్తుంది. తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని నా పాఠం వింటుంది. నచ్చితే నేను టీచర్లకు పాఠాలు చెప్పే టీచర్‌ని అవుతాను. ఎన్నాళ్ల కలో! పాఠం, కణంలోకి పదార్థాల రాకపోకలు. కణం చుట్టూ కణత్వచమనే సన్నటి పొర ఉంటుంది. కావలసినదాన్ని రానిస్తుంది, అక్కర్లేనిదాన్ని ఆపుతుంది, చెత్తను బయటికి పంపుతుంది. దానికున్న విచక్షణ నాకు లేదు. ఇంట్లో ఎవరు "ఒక్క నిమిషం" అన్నా లేచిపోతాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, డైరీలో రాయకూడదు.

కాబట్టి రోజూ సాయంత్రం పడకగదిలో, తలుపు దగ్గరగా వేసుకుని, పాఠం తయారీ. అవసరమైనదే లోపలికి!

రెండు గుడ్లు వెనిగర్‌లో వేశాను. పెంకు కరిగి పొర మిగలాలి.

సోమవారం

అద్భుతం! కత్తెర ఎక్కడని ఆయన తలుపు తోశారు. "అవసరమా?" అన్నాను. కాసేపు ఆలోచించి వెళ్లిపోయారు. కత్తెర ఆయన జేబులోనే ఉందట.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని అత్తయ్య వంటింట్లో గొణిగింది. వినిపించింది. లోపలికి రానివ్వలేదు.

మంగళవారం

కాఫీ వచ్చింది. తప్పేం లేదు. ఆక్సిజన్‌ని ఏ పొరా ఆపదు. కాఫీ నా ఆక్సిజన్. కాఫీ వెంట అత్తయ్య, అత్తయ్య వెంట ఆవిడ మోకాలి నొప్పి.

రెండో తరగతి చదివే మా బుజ్జి వాళ్ల నాన్న భుజమెక్కి వచ్చింది. గ్లూకోజ్ కూడా అంతే, సొంతంగా రాలేదు, దాటించే ప్రోటీన్ కావాలి. శాస్త్రం ఒప్పుకున్నాక నేనెవరిని కాదనడానికి? అందరం మంచం మీదే. పాఠం ఒక పేజీ.

బుధవారం

పెంకులు పోయాయి. గుడ్లు వేళ్ల మధ్య మెత్తగా జారుతున్నాయి. రెండు స్టీలు డబ్బాల్లో పెట్టాను. ఒకదాంట్లో మంచినీళ్లు. నీళ్లు పొర దాటి లోపలికెళ్లి గుడ్డు ఉబ్బుతుంది. ఎర్రదారం కట్టినదాంట్లో చిక్కటి ఉప్పునీళ్లు. గుడ్డులోని నీళ్లు బయటికొచ్చి అది ముడుచుకుపోతుంది. డబ్బాలు వంటింటి గట్టు మీద.

ఎదురింటావిడ వచ్చింది. నా పనికి పనికొచ్చే పుస్తకం తెచ్చిందట. అవసరమేగా అని రానిచ్చాను. తీరా చూస్తే అల్లికల పుస్తకం. ఆ తర్వాత చీకటి పడేదాకా వాళ్ల కోడలి పురాణం. వైరస్ కూడా ఇంతే, కావలసిన సరుకులా వేషం వేసుకుని దూరుతుంది. నా తప్పు కాదు. పాఠం అర పేజీ, అదీ కొట్టేశాను.

గురువారం

ఇక చాలు! గడియ పెట్టాను. కాఫీకి కూడా ప్రవేశం లేదు.

అత్తయ్య మూడుసార్లు తట్టింది. "అమ్మాయ్, ఒక్క మాట" అంది. ఏ మాటా వద్దు, రేపటిదాకా నన్ను వదిలేయండని అరిచాను. తర్వాత ఎవరూ తట్టలేదు.

పాఠం మొత్తం పూర్తి! ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఎందుకో అంత బాగా లేదు.

శుక్రవారం

గుడ్లు చిట్లుతాయేమోనని డబ్బాల మూత తీయకుండా మోసుకెళ్లాను. క్లాసులో మొదట మంచినీళ్ల గుడ్డు. బాగా ఉబ్బింది. చప్పట్లు! ఇక ముడుచుకున్న గుడ్డు చూడమంటూ ఎర్రదారం విప్పాను.

మొదటిదానికన్నా లావుగా ఉంది.

క్లాసంతా నవ్వు. అధికారిణి కళ్లద్దాలు సర్దుకుంది. రాసుకున్న పాఠంలో ఈ గుడ్డు లేదు. వేలు ముంచి నాలుకకు తగిలించాను. ఉప్పు లేదు! అత్తయ్య ఎందుకు తట్టిందో అప్పుడర్థమైంది.

కాగితాలు పక్కన పెట్టేశాను. "నీళ్లు పాడయ్యాయనుకుని మా అత్తయ్య మార్చేసిందర్రా. మార్చనా అని అడగడానికి మూడుసార్లు వచ్చింది. నేను తలుపు తీయలేదు. అన్నిటినీ ఆపేది పొర కాదు, గోడ. ఏదీ రానివ్వని కణం బతకదు" అన్నాను. అధికారిణి పుస్తకంలో ఏదో గీసుకుని వెళ్లిపోయింది. కొత్త ఉద్యోగం గోవిందా.

ఇంటికొచ్చి అడిగితే, "నీళ్లు మురిగినట్టున్నాయమ్మా. పెద్దవాళ్లు చూస్తారంటివి, శుభ్రంగా ఉండాలని..." అంది అత్తయ్య. ఏడుపొచ్చింది.

శనివారం

ఫోన్! ఎంపికయ్యాను! కాగితం చూడకుండా చెప్పినందుకట! వచ్చే వారానికల్లా కొత్త పాఠాలు తయారు చేసుకోవాలట.

సాయంత్రం పనికి కూర్చున్నాను. తలుపు బార్లా తీసే ఉంది. అయినా అత్తయ్య కాఫీ గ్లాసుతో గడప బయటే ఆగి, "లోపలికి రావచ్చా అమ్మాయ్?" అంది. నేనీ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆవిడ ఆ మాట అడగలేదు. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

కొత్త నిర్ణయం, ఈ క్షణం నుంచే! గడియ పీకించేశాను. తలుపుకి పల్చటి కర్టెన్ కట్టాను. అవసరమైనదే లోపలికి!

కర్టెన్ పక్కనుంచి ఆయన తల పెట్టి కత్తెర చూశావా అన్నారు. జేబు చూసుకోమన్నాను. లేవలేదు. ఎంత ప్రగతి!

అత్తయ్య మంచం మీద సర్దుకుని కూర్చుంది. మోకాలి నొప్పి మొదలైంది. పాఠం ఇంకా మొదలవలేదు.