పన్నెండు వేల మంది చదివిన అబద్ధం

అమ్మాయి లిదువినకు,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను.

ఇక్కడ అసున్సియోన్ బజారులో మీ అమ్మ తెరెరే అనే చల్లటి ఆకుల పానీయంలోకి దంచి ఇచ్చే మందు వేళ్లను ఎలా కడగాలో, ఎంత వేయాలో నీ బ్లాగులో శ్రద్ధగా రాశావు. తొమ్మిది మంది చదివారు. ఫోటోలు పెట్టమని పాస్‌వర్డ్ నాకిస్తే, నేను వేళాకోళానికి నీ పేరుతో ఒక కథ అల్లాను. చావుబతుకుల్లో తాత, ఏడుస్తున్న అవ్వ, ఎవరికీ తెలియని ఒక వేరు, వారంలో చక్కెర జబ్బు మాయం. పన్నెండు వేల మంది ఎగబడి చదివారు! జనానికి రుచించేది ఇదా అని ఉమ్మేశాను. తీసెయ్యమంటే నువ్వు పాస్‌వర్డ్ మార్చేసి, "ఉండనీ మావయ్యా, ఇప్పుడే కదా నన్ను చదువుతున్నారు" అన్నావు. అప్పుడు ఇంకా రోత పుట్టింది.

నిన్న మన వీధి ముసలావిడ రెమీహియా ఆ వేరు కోసం మీ అమ్మ కొట్టుకు వచ్చింది. ఇన్సులిన్ సూది మానేసి నాలుగు రోజులైందట. కాలి పుండు కంపు కొడుతోంది.

"అది రాసింది నేనే, పచ్చి అబద్ధం" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "పోవోయ్! నా తెరెరేలో ఉప్పు కలిపినవాడివి, నిన్ను నమ్మమంటావా? చదువుకున్న పిల్ల రాసింది!"

మీ అమ్మ బతిమాలినా వినలేదు.

ఈ ఉత్తరం అందిన గంటలో అది అబద్ధమని నీ బ్లాగులో రాయి. రాయగానే రెమీహియా మనవరాలి చేత చదివిస్తాను. నేను చదివితే, అదీ నా కల్పనే అంటుంది.

నీ మేనమామ