మళ్ళీ అడగని ఇల్లు

నందిగామ, 1949 ఫిబ్రవరి, ఆదివారం

ఇంజనీరింగ్ చదవడానికి లండన్ వెళ్ళిన శేషగిరి దగ్గర్నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. చేరిన రోజున ఇంటి యజమానురాలు రాత్రి భోజనం కావాలా అని అడిగితే, మర్యాద కోసం వద్దన్నాడట. మళ్ళీ అడుగుతుందని చూశాడు. ఆమె అడగలేదు. ఇతనికి రాత్రి భోజనం అలవాటు లేదనుకుంది. నాలుగు నెలలుగా రొట్టెముక్క తిని పడుకుంటున్నాడు. మొన్న తరగతిలో కళ్ళు తిరిగి పడిపోయాడు. అక్కకు చెప్పొద్దు బాబాయ్ అని రాశాడు.

పరాయి ఇంట్లో అడగ్గానే ఒప్పుకోకు, కక్కుర్తి అనుకుంటారు అని ప్రయాణం ముందు చెప్పింది నేనే.

ఇవాళ జగ్గయ్యపేట వెళ్ళి వాళ్ళక్క రత్నమ్మకు ఆ సంగతి దాటేసి ఉత్తరం చదివి వినిపించాను. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. చదువు రాదు.

"తింటున్నాడా బాబాయ్? వాడికసలే మొహమాటం. నాలుగుసార్లు బతిమాలితేగాని కంచం ముందుకు రాడు."

"తింటున్నాడమ్మా" అన్నాను. ఉత్తరంలో లేని మాట చదివాను. ఇరవై ఏళ్ళుగా పత్రికకు వార్తలు రాస్తున్నాను, ఎప్పుడూ ఆ పని చేయలేదు.

పెసరట్టు వేస్తానంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అయినా వద్దన్నాను.

"మీరు వద్దంటే మానేస్తానా? కూర్చోండి" అని వేసింది. వద్దంటున్నా రెండోదీ వేసింది.

ఇంటికొచ్చి, సిగ్గు విడిచి ఆ ఇంటి యజమానురాలిని భోజనం అడగమని శేషగిరికి జవాబు రాశాను. వాడు అడగడు. వాడి చోట ఉంటే నేనైనా అడగలేను.