మర తిప్పితే బరువు జరిగే కర్ర

మహారాజశ్రీ బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేం కులాసా. అక్కడ అక్క మిమ్మల్ని ఎలాగోలా భరిస్తోందని తలుస్తాను.

ఈ ఉత్తరంతో పాటు పొడుగాటి అట్టపెట్టె ఒకటి వస్తుంది. అందులో ఉన్నది పూల్ బల్ల మీద బంతుల్ని కొట్టే కర్ర, అదే మీరు రోజూ పట్టే క్యూ. మా ఆటవస్తువుల ఫ్యాక్టరీలో నేను కర్రలు చిత్రిక పట్టే సెక్షన్లో ఉన్నానని మీకు తెలుసు కదా. ఈ క్యూ అచ్చంగా నా బుర్రలోంచి పుట్టింది. చేత్తో పట్టుకునే లావుపాటి వైపు లోపల ఇనప గుండు ఉంటుంది. అడుగున ఉన్న మర తిప్పితే ఆ గుండు ముందుకో వెనక్కో జరుగుతుంది. అంటే ఒకటే కర్ర, ఎవరి చేతివాటాన్ని బట్టి వాళ్ళు బరువు సర్దుకోవచ్చు.

మా యజమాని నమ్మట్లేదు. "కర్ర కర్రే కదయ్యా, బరువు ఎక్కడుంటే ఏంటి? తేడా ఉందని ఆడేవాళ్ళ చేత కాగితం మీద రాయించుకురా, తయారుచేద్దాం. లేదా, మళ్ళీ బొంగరాల సెక్షన్‌కి పో" అన్నాడు. బావగారూ, అప్పట్లో బొంగరాలు చేసీ చేసీ నాకే కళ్ళు తిరిగిపోయాయి. మీ టైర్ల కొట్టు వెనక పూల్ హాల్లో రోజూ ఆడతారు కదా. మీ వాళ్ళందరి చేతా ఆడించి నిజం నిజంగా రాయండి. ముందుగా క్యూని వేలి మీద పెట్టి ఎక్కడ నిలుస్తుందో చూడండి.

మీ బావమరిది

తా.క. వేళాకోళాలు వద్దు. నా పెళ్ళిలో ఫొటోగ్రాఫర్‌కి పెళ్ళికొడుకు నేను కాదని చెప్పిన మనిషి మీరు. అందుకే భయం.

*

మా ఆవిడ తోడబుట్టినవాడికి,

బావ దీవెనలు.

కర్ర చేరింది. పెట్టె పొడుగు చూసి "కిటికీ తెరలకి రాడ్డు పంపాడు మా తమ్ముడు, వాడికున్న బుద్ధి మీకు లేదు" అని మీ అక్క మురిసిపోయింది. విప్పాక ఆ మొహం చూడాలిరా అబ్బాయ్! ఫొటోగ్రాఫర్ ఉంటే బాగుండేది.

నువ్వు చెప్పినట్టే వేలి మీద పెట్టా. ఎక్కడ, నిలబడితేగా! నిట్టనిలువుగా పెట్టి, ఊపిరి బిగబట్టి, హాలంతా నా చుట్టూ చేరి చప్పట్లు కొడుతుంటే ఒక్క క్షణం నిలిచింది. తర్వాత పోయి ట్యూబ్‌లైటు మీద పడింది. కాబట్టి ఎక్కడ నిలుస్తుందంటే, ట్యూబ్‌లైటు మీద.

అయినా బ్యాలెన్సు గురించి నాకు చెప్తావేంట్రా? కారు చక్రాన్ని మిషన్ మీద తిప్పి, తేలిగ్గా ఉన్నచోట సీసం ముక్క కొట్టడం నా కూడు. నీ కర్రని కూడా అదే మిషన్‌కి బిగించి తిప్పా. ఏం తిరిగిందిరా బాబూ! కొట్లో ఉన్నవాళ్ళందరూ నేల మీద బోర్లా పడుకున్నారు. కారు బాగుచేయించుకోడానికి వచ్చినాయన కారు వదిలేసి పోయాడు. మొత్తానికి కొన వైపు తేలిగ్గా ఉందని తేల్చి, అక్కడ సీసం ముక్క అంటించా. ఇప్పుడు అటూ ఇటూ సమానం. కాకపోతే బంతిని కొట్టినప్పుడల్లా గీరుతోంది. అది బంతి లోపం.

నీ బావ

తా.క. మీ అక్క దాంతో బూజు దులిపింది. గుండు వెనక్కి ఉంటే మూలలకి బాగా అందుతోందట. కాగితం మీద రాసిచ్చాగా, మీ యజమానికి చూపించుకో.

*

బావగారికి,

నమస్కారం. (ఒక్కటే పెట్టాను, గమనించండి.)

మీ ఉత్తరం చదివి చెంబుడు నీళ్ళు తాగాను. వేలి మీద నిలువుగా కాదండీ, అడ్డంగా! తక్కెడ కాడలాగా! ఎక్కడ పడుకోబెడితే రెండు వైపులా సమంగా ఆగుతుందో చూడమన్నాను. మీరేమో సర్కస్ చేసి లైటు పగలగొట్టి, ఆ నింద కూడా నా మీదే వేశారు.

ఇంకో సంగతి. క్యూ చక్రం కాదు. అది గుండ్రంగా తిరగదు, ముందుకీ వెనక్కీ కదులుతుంది. దాన్ని మిషన్‌కి బిగించే ఆలోచన భూమ్మీద మీకు తప్ప ఎవరికీ రాదు. ఆ సీసం ముక్క ముందు పీకేయండి. గుండు ముందుకి జరిపి ఒకసారి, వెనక్కి జరిపి ఒకసారి మీ వాళ్ళ చేత ఆడించండి. వాళ్ళేమన్నారో అన్నది అన్నట్టు రాయండి. అంతే. ఇందులో మీ తెలివి కలపాల్సిన అవసరం ఎక్కడా లేదు.

నెలాఖరు శనివారం యజమాని తేల్చేస్తానన్నాడు.

మీ బావమరిది

తా.క. అక్కకి చెప్పండి, అది బూజుకర్ర కాదు.

*

చిరాకుల బావమరిదికి,

బావ దీవెనలు, మజ్జిగ తాగు.

సీసం పీకేశా. అన్నది అన్నట్టు రాస్తున్నా, చూసుకో.

"గుండు ముందుకి జరిపా" అని చెప్పి మాతో ఆడే టైలర్ చేతికిచ్చా. ఒక్క దెబ్బ కొట్టి, "అబ్బ, ఇదీ కర్రంటే! సూదిలోకి దారం దూరినట్టు దూరిందన్నా బంతి" అన్నాడు. తర్వాత పళ్ళ డాక్టర్. "వెనక్కి జరిపా సార్" అన్నా. ఆయన కొట్టి, కళ్ళు మూసుకుని, "ఆహా, ఊడినట్టే తెలీకుండా పన్ను ఊడొచ్చినట్టుంది" అన్నాడు. బ్యాంకాయన ఒకడున్నాడు, మేం తాబేలు అంటాం. టీ చల్లారి మీగడ కట్టేదాకా ఆలోచించి, కొట్టి, "గుండు సరిగ్గా మధ్యలో పెట్టావు కదూ?" అన్నాడు. "నీ చెయ్యి చెయ్యి కాదురా, తక్కెడ" అన్నా. పొంగిపోయాడు.

అక్కడితో ఆగలేదు. ముందు బరువే మేలని టైలరూ, వెనకే మేలని డాక్టరూ వాదనకి దిగారు. "నువ్వు కుట్టిన ప్యాంటులాగే ఉంది నీ వాదన" అని ఈయన, "నువ్వు కట్టిన పన్నులాగే ఊగుతోంది నీ మాట" అని ఆయన. మధ్యలో తాబేలు నోరు తెరిచేలోపు ఇద్దరూ ఇంటికి పోయారు.

ఇప్పుడు అసలు సంగతి. మరని నేను ముట్టుకోనే లేదు. ముగ్గురూ ఆడినంతసేపూ గుండు ఒక్కచోటే ఉంది!

నా కొట్లోనూ ఇంతేరా. చక్రం విప్పి, గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించినా "ఇప్పుడు వెన్నలా పోతోందన్నా" అంటారు. నేను చిన్నప్పుడే బడి మానేశా గానీ, ఈ చదువు బాగా వంటబట్టింది. బరువు కర్రలో లేదు, బుర్రలో ఉంది.

నీ బావ

తా.క. ఈ ఉత్తరమే ఇంకోటి రాసి మీ యజమానికి కూడా పంపేశా. అడ్రసు పెట్టె మీదే ఉందిగా. నీకెందుకు శ్రమ అని.

*

అక్క మొగుడికి,

పొద్దున యజమాని గదిలోంచి పెద్ద నవ్వు. అద్దాలు అదిరాయి. నీ కాగితం పట్టుకుని బయటికొచ్చి, "ఏవయ్యా, మీ బావ ఏం పని చేస్తాడు?" అన్నాడు. "టైర్లండీ" అన్నా. మళ్ళీ లోపలికెళ్ళి నవ్వాడు. అరగంటలో పక్క సెక్షన్ వాడు బొంగరాల చెక్క తెచ్చి నా బల్ల మీద దభీమని దించాడు. "నీకోసమే అన్నా, ఎండబెట్టి ఉంచాం" అన్నాడు. ఇప్పుడు సంతోషమేనా? నీకు మీరు అని రాయడానికి నా చెయ్యి రావట్లేదు.

నువ్వు పరీక్ష పెట్టింది కర్రకి కాదు, నోళ్ళకి. ఏం చెప్పినా తలాడించేవాళ్ళని తెచ్చి, లేనిది ఉందని చెప్పి, వాళ్ళు ఉందనగానే "చూశావా, లేదు" అంటావా? గుండు జరిపితే కదా తేడా తెలిసేది! నిజంగా జరిపి చూడు. అదీ నువ్వు కాదు, అక్క జరపాలి, నీకు చెప్పకుండా. నువ్వు ఆడి చెప్పు. ఆ ధైర్యముంటే చెయ్యి, లేకపోతే ఈ జన్మకి నాకు ఉత్తరం రాయకు.

మీ ఆవిడ తమ్ముడు

తా.క. ఫోన్ చేసి అక్కకి మొత్తం చెప్పేశాను. ఈ ఉత్తరం చేరేసరికి నీ కంచంలో ఏమీ ఉండకపోవచ్చు.

*

బంగారు బావమరిదికి,

బావ దీవెనలు. ఖాళీ కడుపుతో రాస్తున్నా.

మీ అక్క చెయ్యి నడుం మీద పెట్టుకుని, "నా తమ్ముడి బతుకు మీకు ఎగతాళిగా ఉందా? పదండి, నేనే తిప్పుతా" అని హాలుకి వచ్చింది. ఆవిణ్ణి చూసి తాబేలు కూడా పరిగెత్తాడు. తలుపు చాటుకి వెళ్ళి మర తిప్పి తెచ్చిస్తుంది, నేను కొడతా, గుండు ఎక్కడుందో చెప్తా. గట్టి దెబ్బలకి అన్నీ తప్పే చెప్పానురా. ఒక్కటీ తెలీలేదు. "మీకు ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో మాత్రం తెలుసా ఏంటి?" అంది.

కానీ మెత్తగా, ఇలా ఊదినట్టు కొట్టాల్సిన దెబ్బలున్నాయి చూడు, అక్కడ తెలిసిందిరా. గుండు ముందుంటే కర్ర దానంతటదే పోతోంది. వెనకుంటే నేను తోయాల్సి వస్తోంది. మళ్ళీ మళ్ళీ తిప్పించా. మళ్ళీ మళ్ళీ సరిగ్గానే చెప్పా. మీ అక్క నా వంక అదోలా చూసింది. పెళ్ళయ్యాక నేను చెప్పింది సరైందవడం ఆవిడకి కొత్త.

నీ కర్ర నిజమేరా. ఆ మాటే మీ యజమానికి రాసి పంపా. మొదటిది నా కోతిపని అనీ, ఇది నిజమనీ ఒట్టేసి మరీ రాశా. నిన్ను బొంగరాల్లోకి పంపితే నాకు ముద్ద దిగదు. అసలు పెట్టడమే లేదనుకో.

నీ బావ

తా.క. మళ్ళీ ఆడదామని కర్ర అడిగితే మీ అక్క ఇవ్వట్లేదు. రేపు తనూ ఆడుతుందట. మెత్త దెబ్బలు నాకంటే బాగా కొడుతోంది, ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

*

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. ఎన్ని పెట్టానో మీరే లెక్క వేసుకోండి.

శనివారం యజమాని పిలిచాడు. మీ రెండో ఉత్తరం ఆయన బల్ల మీద ఉంది. చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "చూడవయ్యా, బామ్మర్ది కోసం ఎంత అబద్ధం ఆడాడో! ఒట్లు కూడా వేశాడు. ఇలాంటి బావ దొరకడం అదృష్టం" అన్నాడు. మీరు జీవితంలో రాసిన ఒక్క నిజం అది. ఆయన నమ్మలేదు.

మొదటిది మాత్రం చెక్కచట్రం కట్టించి గోడకి తగిలించాడు. "తిప్పకుండానే అంతలా మురిసిపోయారంటే, తిప్పే మర ఒకటి చేతికిస్తే ఇంకెంత మురుస్తారు! మర ఉండనీ, గుండు తీసెయ్. లోపల ఉత్త గొట్టం చాలు" అన్నాడు. క్యూల సెక్షన్‌కి నేనే పెద్ద ఇప్పుడు. బొంగరాల చెక్క వెనక్కి పోయింది. నాకే ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

అందుకని ఒక పని చేస్తున్నాను. మీకొక్కరికే చెప్తున్నా. పాత ఇనప తుక్కు ఏరి గుండ్లు పోతపోయించి, యజమానికి తెలీకుండా ప్రతి క్యూలోనూ పెట్టేస్తున్నాను. వస్తువు లోపల ఉండాల్సింది ఉంచినందుకు దొంగలా భయపడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. దయచేసి ఈ సంగతి ఎక్కడా అనకండి. అన్నా ఎవరూ నమ్మరనుకోండి, అదో ధైర్యం.

మీ బావమరిది

తా.క. మొదటి క్యూ తయారవగానే యజమాని తనే పట్టుకున్నాడు. నాకేసి కన్నుకొట్టి, మర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పి, మెత్తగా ఒక బంతి కొట్టి, "చూశావా, ఏమైనా తేడా ఉందా? ఉత్త గొట్టమేగా!" అన్నాడు. లోపల గుండు మొత్తం జరిగింది బావగారూ. ఆయన మొహంలో ఇసుమంత కూడా ఏదీ కదల్లేదు.