చుక్క గుండ్రంగానే ఉంది

ఆర్విడ్ బావకు,

నా ముసలి కళ్ళకని నువ్వు పంపిన, గురి చూసే ఎర్రచుక్క అద్దం తుపాకీకి బిగించాను. ఇంకొకటి పంపకు, ఇది మూడోది. ఇందులోనూ చుక్క చితికిన టమాటాలాగే కనిపించింది. విసుగొచ్చి తుపాకుల కొట్టుకు పట్టుకెళితే, కొట్టు నడిపే మార్లీస్ నవ్వింది. "పెద్దాయనా, వంకర చుక్కలో లేదు, నీ కంట్లో ఉంది. అద్దంలోంచి ఫోన్‌తో ఫోటో తీసి చూడు" అంది. ఫోటోలో చుక్క చక్కగా గుండ్రంగా ఉంది. డాక్టరు దగ్గర కొత్త కళ్ళజోడు తెచ్చుకున్నాను, చుక్క వెలుగూ తగ్గించాను. ఇప్పుడు నాకూ గుండ్రంగానే ఉంది.

నిన్న ఆ జోడు పెట్టుకుని, పోయినేడు నేను జింకను కొట్టబోయి తప్పిన చోటికి వెళ్ళాను. ఎదురుగా నువ్వు కూర్చునే మంచె ఉంది. నీ కుర్చీకి జానెడు పక్కన, పైన్ చెట్టులో నా గుండు దిగిన బొక్క ఉంది.

ఆ రోజు నువ్వు, తోటి వేటగాళ్ళు జింక అనుకోకుండా వేసుకునే నారింజ కోటు మన వేట గుడిసెలో మరిచి గోధుమరంగు స్వెట్టర్‌తోనే వెళ్ళావు. చెవి మిషనూ పెట్టుకోలేదు. "చెట్టు ఊగితే గాలి అనుకున్నా" అన్నావు సాయంత్రం. గురి తప్పినవాడికి చేసే మర్యాదే నాకూ చేశావు. అందరి ముందూ నా చొక్కా వెనక అంచు కత్తిరించి గోడకు మేకు కొట్టి, "గుడ్డోడా!" అని పడీపడీ నవ్వావు. నేనూ నవ్వాను.

ఈ నవంబరు వేటకూ వస్తాను, వంట మాత్రం చేస్తాను. తుపాకీ తెచ్చి మీ అమ్మాయికిచ్చేస్తాను. అలిసిపోయాను బావా. ఇది అక్కకు చూపించకు.

ఆ గుడ్డముక్క గోడమీంచి తియ్యకు. ఆ గురి తప్పబట్టే నువ్వు ఈ ఉత్తరం చదువుతున్నావు.

నీ బావమరిది